మూడు ఎమ్మెల్

కొలతమ్మకి లోకంలో గిట్టని మాట ఒక్కటే: సుమారుగా. కూరలో ఉప్పెంత వేశావని అడిగితే చిటికెడనో చారెడనో చెప్పే రకం కాదు, నాలుగు గ్రాములంటుంది. హైస్కూలు కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్ళుగా అసిస్టెంటు. సీసాలకి చీటీలు అంటించడం, పగిలిన గాజు ఏరించడం, కొలజాడీ ముందు నిటారుగా నిలబడి అంకె చదివేసే పిల్లల తల పట్టుకుని కిందికి వంచడం ఆవిడ పని. "కొలత నీ దగ్గరికి రాదురా, నువ్వే దాని ఎత్తుకి దిగాలి" అని ఏటా కొత్త పిల్లలకి చెబుతుంది. ఆ పేరు పెట్టింది పిల్లలే. అది ఇంటిదాకా పాకి, చివరికి కట్టుకున్నవాడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

ఆ కట్టుకున్నవాడు పోయి ఏడాదైంది. పెద్ద హోటల్లో స్టోర్‌కీపరుగా చేసేవాడు. గోదాములో అగ్గిపెట్టె తగ్గినా కనిపెట్టే మనిషి, ఇంటికొస్తే మాత్రం నోట్లో నాలిక లేదు. ఉన్నది రెండంతస్తుల ఇల్లు. కింద బావగారు, అంటే ఆయన అన్నగారు, భార్యతో ఉంటారు. పైన రెండు గదులు, వాటి ముందు డాబా కొలతమ్మవి. పై గదులు కట్టింది కొలతమ్మ భర్త జీతంతో. స్థలం మాత్రం పెద్దకొడుకు హోదాలో బావగారి పేర ఉంది.

ఆ డాబా మీద ఇరవై ఏళ్ళపాటు ప్రతి శనివారం సాయంత్రం బావగారు, ఆయన, మరిది, అన్నదమ్ములు ముగ్గురూ కూర్చునేవారు. మూడు కుర్చీలు, ఒక బల్ల, వేయించిన పల్లీలు. హోటల్‌కి సరుకు వేసేవాళ్ళ దగ్గర ఆయన టెకీలా సీసాలు కొనుక్కొచ్చేవాడు. ఆ ఇంట్లో ఆ మందుకి అంత మర్యాద దక్కింది రుచి వల్ల కాదు, రంగు వల్ల. మందూ తెలుపే, కలిపే టానిక్ వాటర్ అనే చేదు సోడా కూడా తెలుపే. పైన ఒక నిమ్మచెక్క పడేస్తే ఎదురింటి వాళ్ళకి నిమ్మసోడాలా కనిపిస్తుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. వీళ్ళు కళ్ళు తెరుచుకుని, వీధి వైపు తిరిగి, పెద్దమనుషుల్లా తాగేవారు.

కలిపేది కొలతమ్మ, అందించేది కొలతమ్మ, కడిగేది కొలతమ్మ. రుచి చూడడం మాత్రం లేదు. ల్యాబులో ఏదీ నాలిక మీద పెట్టకూడదన్నది మొదటి నియమం. ఆ ఇంట్లో ఆడవాళ్ళు పెట్టకూడదన్నది రెండోది. మొదటి నియమానికైతే ఒక కారణం ఉంది.

అయిదేళ్ళ కిందట ఒక శనివారం బావగారు రెండో గ్లాసు మీద ఉండగా పల్లీల్లో ఉప్పు తక్కువైందని పళ్ళెం విసిరేశారు. "బడిలో గాజుసామాను కడుక్కునే దానికి వంటెక్కడ వస్తుంది" అన్నారు. మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, "తాగిన మైకంలో ఏదో అనుంటానమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారు. మూడు వారాల తర్వాత మళ్ళీ అదే మాట, మర్నాడు మళ్ళీ అదే మైకం. కొలతమ్మకి కోపం రావాల్సిన చోట కుతూహలం వచ్చింది. అసలీ మైకం ఎన్ని ఎమ్మెల్ దగ్గర మొదలవుతుందో చూద్దామనుకుంది.

గ్లాసుకి అరవై ఎమ్మెల్ పోసేది. వారానికి మూడేసి తగ్గించుకుంటూ వచ్చింది. తగ్గించినంత టానిక్ పెంచింది. ఎవరైనా కనిపెట్టగానే ఆపేద్దామనుకుంది. ఎవరూ కనిపెట్టలేదు. పందొమ్మిది వారాలకి అరవై కాస్తా మూడైంది. ఆ మూడు కూడా వాసన కోసం. టానిక్ వాటర్ సహజంగా చేదు, ఆ అన్నదమ్ముల నాలుకలకి చేదంటేనే ఘాటు. బావగారు ఎప్పట్లాగే గొంతు పెంచారు. మరిది ఎప్పట్లాగే రెండో గ్లాసుకి ఏడ్చాడు. "వదిన చెయ్యి పడితే ఆ దెబ్బే వేరు" అని ఇద్దరూ మెచ్చుకున్నారు కూడా.

ఇదంతా ఆవిడ ఒక ల్యాబు పుస్తకంలో రాసింది. తేదీ, ఒక్కొక్కరి గ్లాసులో టెకీలా ఎంత, టానిక్ ఎంత, నిమ్మరసం ఎంత. చివర్లో 'పరిశీలన' అని ఒక గడి. బావగారి వరుసలో 'అరుపులు' అనీ మరిది వరుసలో 'ఏడుపు' అనీ ఉండేవి. భర్త వరుసలో ప్రతి వారం ఒకటే ఉండేది: 'కుర్చీ వెయ్యనా అన్నారు. మందు మాట.'

అదేమిటంటే, రెండో గ్లాసు సగానికి వచ్చేసరికి ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, "నీకూ ఒక కుర్చీ వెయ్యనా, వచ్చి కూర్చుంటావా" అని అడిగేవాడు. వారమంతా కూర బాగుందనడానికి కూడా మొహమాటపడే మనిషి అలా అడిగితే ఏమనుకోవాలి. "దిగాక అడగండి" అని ఆవిడ నవ్వేసేది. ఆదివారం పొద్దున ఆయన అడిగేవాడు కాదు. ఆవిడా గుర్తుచేసేది కాదు.

మందు తగ్గించిన మీదట సీసాలు నెలల తరబడి వచ్చేవి. ఎందుకు ఖర్చు కావడం లేదని ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు. స్టోర్లో లెక్కలు చూసి చూసి ఇంటి దగ్గర వదిలేశాడనుకుంది. తన తెలివికి తనే మురిసింది.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ళ కిందట, గ్లాసులో మందు మూడుకి పడిపోయి చాలా వారాలయ్యాక, ఒక శనివారం బావగారికి ఉన్నట్టుండి ఔదార్యం పొంగింది. కోర్టు ఎదురుగా టైపు మిషను పెట్టుకుని నలభై ఏళ్ళు దస్తావేజులు కొట్టిన మనిషాయన. తెల్లకాగితం తెప్పించి తన చేత్తోనే రాశారు. పై రెండు గదులూ డాబా పెద్దతమ్ముడివి, తమ్ముడి తర్వాత అతని భార్యవి. 'పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిచ్చాను' అని ముగించి సంతకం పెట్టారు. మరిది సాక్షి సంతకం పెట్టాడు. రిజిస్ట్రేషన్‌కి వచ్చే వారం వెళదామన్నారు. ఆ వచ్చే వారం మూడేళ్ళు రాలేదు, ఈలోగా తమ్ముడు పోయాడు.

మొన్న గురువారం బావగారు మెట్ల మీదే నిలబడి విషయం చెప్పారు. పై భాగం ట్యూషన్లు చెప్పేవాళ్ళకి అద్దెకిస్తారట. కొలతమ్మ కింద, బట్టలుతికే చోటు పక్క గదిలోకి రావాలట. ఆ గదికి కిటికీ లేదు.

"ఒంటరిదానివి, నీకు రెండు గదులెందుకమ్మా" అన్నారు.

"కాగితం ఉంది కదా బావగారూ" అంది కొలతమ్మ.

"అదా. ఆ రోజు తాగి ఉన్నాను. తాగి పెట్టిన సంతకం చెల్లదు. ఈ మాట నేను కాదు, నలభై ఏళ్ళుగా కోర్టు చెబుతోంది. చిన్నతమ్ముడే కదా సాక్షి, వాణ్ణీ శనివారం రమ్మన్నాను. నేను తాగి ఉన్నానని వాడూ చెబుతాడు. కాగితం తీసి ఉంచు, ముగ్గురం కూర్చుని చింపేద్దాం." రెండు మెట్లు దిగి మళ్ళీ తిరిగారు. "ఏడాదైంది కదా. గ్లాసులు కూడా పెట్టు."

కొలతమ్మ ఆ బాధనీ కొలుచుకుంది. ఇల్లు పోతుందన్న భయం ఒక వంతు, ఆ 'గ్లాసులు కూడా పెట్టు' అన్న మాట మూడు వంతులు. ఆ రాత్రి పుస్తకం తీసి ఆ శనివారం పేజీ వెతుక్కుంది. పేజీ దొరికాక హాయిగా పడుకుంది.

శనివారం అయిదు గంటలకి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. మరిది మోటార్ల వైండింగు షాపు నడుపుతాడు. వేళ్ళ సందుల్లో రాగితీగ మరకలు, మొహం మీద ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు ఒక నవ్వు. గోడ మీద పిల్లి. ఎటు దూకాలో ఎవరో ఒకరు చెప్పేదాకా కూర్చునే ఉంటాడు. మూడో కుర్చీ ఖాళీగా ఉంటే దాని వైపు చూడకుండా కూర్చున్నాడు.

వంటింట్లో కొలతమ్మ ఎప్పట్లాగే చేసింది. సీసా బీరువాలో కింది అర మూలన ఉంటుంది. మందు తగ్గించడం మొదలయ్యాక ఏ సీసానీ బయటికి తియ్యలేదు. తలుపు ఓరగా తెరిచి, చీకట్లోనే పిపెట్టు ముంచి, రబ్బరు బుడ్డి నొక్కి వదిలి, మూడు ఎమ్మెల్ పీల్చి గ్లాసులో వదలడం అలవాటు. దొంగపనికి వెలుతురెందుకు. గ్లాసుల నిండా ఐసు, పదిహేను ఎమ్మెల్ నిమ్మరసం, మిగతాదంతా టానిక్. గ్లాసు అంచు వెంబడి మెల్లగా పోసింది, గ్యాసు పోకుండా. ఒక్కసారి అడుగు నుంచి పైకి తిప్పింది. నిమ్మచెక్క వేసింది. ట్రేలో రెండు గ్లాసులు, చంకలో పుస్తకం, కొంగున కలం.

బావగారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. "ఆహా. ఏడాదైనా చెయ్యి తప్పలేదమ్మా. లోపలికి దిగుతుంటే తెలుస్తోంది."

"ఘాటు సరిపోయిందా బావగారూ?"

"సరిపోవడమేమిటి, చెవులు వేడెక్కుతున్నాయి. నా నాలిక సంగతి నీకు తెలియదు. పావు చుక్క తగ్గినా పట్టేస్తాను."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే బావగారిని కాదనే ధైర్యం మరిదికి ఏనాడూ లేదు. "అవునవును, బాగా పడింది వదినా" అన్నాడు.

రెండో గ్లాసు కూడా ఇచ్చింది. అది సగమయ్యేసరికి బావగారి గొంతు పెరిగింది. వీధిలో ఎవడో స్కూటరు అడ్డంగా పెట్టాడని తిట్టారు. మరిది కళ్ళు చెమర్చాయి. అప్పుడు బావగారు చెయ్యి చాపారు.

"కాగితం."

"ఇస్తాను. ఒక్క మాట చెప్పండి. ఇప్పుడు మీకు బాగా ఎక్కిందా?"

"ఎక్కకపోతే నీతో ఇంత ఓపిగ్గా మాట్లాడతానా."

"ఆ కాగితం రాసిన రోజు?"

"ఆ రోజూ ఇంతే. ఇవే రెండు గ్లాసులు. అదే కదా నేను చెప్పేది. ఇలాంటి స్థితిలో ఉన్నవాడి సంతకానికి విలువేముంటుంది. ఒరేయ్, నువ్వు చెప్పు. నేను తాగి ఉన్నానా లేదా?"

మరిది నీళ్ళు నమిలాడు. "రెండు పడ్డాయి అన్నయ్యా. అది నిజమే."

"విన్నావుగా" అన్నారు బావగారు.

"విన్నాను. రాసుకుంటాను కూడా" అని కొలతమ్మ పుస్తకం తెరిచి రాసుకుంది. బావగారు: బాగా ఎక్కింది, కాగితం రాసిన రోజూ ఇంతే. తర్వాత పాత పేజీ తీసి బల్ల మీద పెట్టి వేలు ఆనించింది. "ఆ రోజు మీ గ్లాసులో టెకీలా మూడు ఎమ్మెల్ బావగారూ. రెండు గ్లాసులకి ఆరు. అంటే ఒక చెంచాడు మందు. ఇవాళ కూడా అంతే. మీ చెవులు వేడెక్కింది నిమ్మరసానికి."

కింద బావగారి భార్య పెట్టుకున్న టీవీ వినబడుతోంది.

కొలతమ్మ అంతా చెప్పింది. విసిరేసిన పళ్ళెం దగ్గర మొదలుపెట్టి, వారానికి మూడేసి చొప్పున, ఎక్కడా సుమారు లేకుండా. "మీరు అన్న మాటలకి మర్నాడు మైకం అని చెప్పేవారు. ఆ మైకం ఎక్కణ్ణుంచి వస్తోందో అయిదేళ్ళ కిందటే తెలిసింది నాకు. సీసాలోంచి మాత్రం కాదు."

బావగారి మొహం ఎర్రబడింది. "ఇది నీ చేత్తో నువ్వు రాసుకున్న పుస్తకం. ఇదేమైనా సాక్ష్యమా. నిన్న రాత్రి కూర్చుని రాసుండొచ్చు. మందు గురించి ఆడదానివి నీకేం తెలుసు. ఇరవై ఏళ్ళుగా తాగుతున్నవాణ్ణి నేను."

"నిజమే, రాతని నమ్మక్కర్లేదు. ల్యాబులో కూడా అంతే. అనుమానం వస్తే మళ్ళీ చేసి చూస్తాం."

లోపలికి వెళ్ళి బీరువా తలుపు బార్లా తెరిచింది. అయిదేళ్ళలో మొదటిసారి సీసాని వెలుతురులోకి తెచ్చింది. సీసా, టానిక్, ఐసు, కోసిన నిమ్మకాయలు, మూతి అంచు విరిగిందని బడివాళ్ళు పారేస్తే తెచ్చుకున్న కొలజాడీ, అన్నీ డాబా మీద బల్లపైకి చేర్చింది. వీధి వైపు ఒక్కసారైనా చూడలేదు. అందరి ముందూ వంగి, కళ్ళు గీత ఎత్తుకి దింపి, అరవై కొలిచింది. అరవై అంటే అరవై. ఐసు మీద పోసి, నిమ్మరసం కలిపి, టానిక్ పోసి, ఒక్కసారి తిప్పి బావగారి ముందుకి జరిపింది.

"మీరు ఇరవై ఏళ్ళుగా తాగుతున్నది ఇదే కదా. ఎప్పట్లాగే ఒక గుక్క తాగండి."

బావగారికి వెనక్కి తగ్గే దారి లేదు. తమ్ముడు చూస్తున్నాడు. గ్లాసెత్తి, ఎప్పుడూ తాగేటంత పెద్ద గుక్క తీసుకున్నారు. అది గొంతులోంచి దిగలేదు, ముక్కులోంచి వచ్చింది. దగ్గు పట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగిపోయారు. మరిది లేచి వీపు తట్టాడు.

"ఏం కలిపావ్ ఇందులో" అన్నారు ఊపిరి అందాక.

"మీ ముందే కదా కలిపాను. మందు."

దొంగకి తేలు కుట్టినట్టయింది. పావు చుక్క తేడా పట్టేసే నాలికతో ఇప్పుడేం చెప్పినా తన మీదకే వస్తుంది. ఇది మందు అంటే అది కాదన్నట్టు. అదీ మందే అంటే ఈ దగ్గెందుకు వచ్చినట్టు. నలభై ఏళ్ళు పక్కవాళ్ళ దస్తావేజుల్లో కంతలు వెతికిన మనిషి, తన కంతలో తానే కాలు పెట్టారు.

మరిది మాత్రం ఇంకో లెక్కలో ఉన్నాడు. "అయితే వదినా" అన్నాడు నెమ్మదిగా, "ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది?"

"నువ్వే ఏడ్చావు నాయనా. మందు కాదు."

"నన్నెవరూ ఏదీ అడగరని అనేవాణ్ణి."

"అనేవాడివి. ప్రతి వారం రాశాను. నేనూ అడగలేదు, రాసుకుని ఊరుకున్నాను. ఇవాళ అడుగుతున్నాను. ఆ కాగితం మీద సాక్షి సంతకం నీది. మీ అన్నయ్య ఆ రోజు ఎలా ఉన్నారు?"

మరిది తన గ్లాసు వైపు చూశాడు, తర్వాత అన్న వైపు చూశాడు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అతను అలా కూర్చోవడం ఆ డాబా మీద అదే మొదలు.

"నీ చెయ్యి వణకలేదు అన్నయ్యా. రాశాక నా చేత రెండుసార్లు పైకి చదివించావు. ఒక చోట కొమ్ము పడలేదని దిద్దావు. తాగినవాడు కొమ్ములు దిద్దడు."

"ఒరేయ్."

"రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ ఇదే చెబుతాను. నన్నడిగారు కాబట్టి చెబుతున్నాను."

బావగారు లేచారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. "సరే, చూద్దాం" అన్నారు.

"చూద్దాం కాదు బావగారూ. సోమవారం, పొద్దున పదింటికి. నేను బడికి సెలవు పెట్టాను. ఏమీ తాగకుండా రండి. మళ్ళీ మైకం అంటారు."

ఆయన మెట్ల దాకా వెళ్ళి ఆగారు. వెనక్కి చూస్తే కొలతమ్మ మూడో గ్లాసు తీస్తోంది. అందులో ఐసు వేసింది. అది ఎవరికోసమో అర్థమయ్యేసరికి ఆయనకి ఒక్క క్షణం పట్టింది.

కొలతమ్మ బల్ల ముందు మళ్ళీ వంగింది. కళ్ళు కొలజాడీ గీత ఎత్తుకి దింపింది. వెనకాల సీసా ఉంది. దాని వీపు ఇటు తిరిగి ఉంది. పడమటి ఎండ సరిగ్గా దాని మీద పడుతోంది. వెనక అంటించిన కాగితం అంచున సన్నటి పెన్సిలు గీతలు కనిపించాయి. ఒకదాని కింద ఒకటి, దగ్గరదగ్గరగా. ప్రతి గీత పక్కనా చీమతలకాయంత అక్షరాలతో తేదీ. అన్నీ శనివారాలే. ఆ అంకెలు ఎవరివో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. గోదాములో తెరిచిన ప్రతి సీసాకీ, డబ్బాకీ మట్టం దగ్గర గీత గీసి తేదీ వెయ్యడం స్టోర్‌కీపర్ల అలవాటు. చివరి గీత ఆయన ఆసుపత్రికి వెళ్ళక ముందు శనివారానిది.

గీతకీ గీతకీ మధ్య గోరంత ఎడం కూడా లేదు. ముగ్గురు మగవాళ్ళు రెండేసి గ్లాసులు తాగితే మట్టం అంత కొంచెం తగ్గదని, అగ్గిపెట్టె తగ్గినా కనిపెట్టే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకి తెలుసు. తెలిసే తాగాడు. తెలిసే వంటింటి గుమ్మం దాకా వచ్చి, గ్లాసులో చెంచాడు మందు కూడా లేకుండా, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, కుర్చీ వెయ్యనా అని అడిగాడు. మామూలు రోజుల్లో నోరు పెగలని మనిషికి శనివారం గ్లాసు ఒక సాకు. ఆ సాకుని ఆవిడ నిజమనుకుంది.

కొలతమ్మకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే పదిహేను ఎమ్మెల్ నిమ్మరసం కొలిచింది, ఏడుస్తూనే టానిక్ పోసింది. చుక్క మాత్రం ఎక్కడా ఒలకలేదు.

గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. వంటింట్లో కూరలు తరుక్కునేటప్పుడు కూర్చునే పాత చెక్క కుర్చీని ఈడ్చుకొచ్చింది. కాళ్ళు నేలకి రాసుకుని వీధంతా వినబడేంత చప్పుడు చేశాయి. మరిది సాయానికి లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఖాళీ కుర్చీ పక్కనే దాన్ని వేసుకుని, వీధి వైపు తిరిగి కూర్చుంది. ఎదురింటి బాల్కనీలో బట్టలు తీస్తున్న ఆవిడ అలాగే ఆగి చూసింది.

"ఏమ్మా, ఏమిటిది" అన్నారు మెట్ల దగ్గర్నుంచి బావగారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఆడది డాబా మీద కూర్చుని ఇలా తాగితే వీధివాళ్ళేమనుకుంటారు?"

"నిమ్మసోడా అనుకుంటారు బావగారూ. మీ గ్లాసుల విషయంలో ఇన్నాళ్ళూ వాళ్ళనుకున్నదే నిజం." ఆవిడ గ్లాసెత్తింది. "ఇవాళ ఎవరైనా అడిగితే టెకీలా అని చెబుతాను. అరవై ఎమ్మెల్."

మొదటిసారి నాలిక మీద పెట్టింది. ముందు పులుపు, తర్వాత చేదు, ఆ వెనకాల మెల్లగా ఒక వేడి గుండెల దాకా దిగింది. అంత గొప్పగా ఏమీ లేదు. అయినా ఇంకో గుక్క తాగింది, ఎందుకంటే అది ఆవిడది.

బావగారు దిగిపోయిన చప్పుడయ్యింది. మరిది పల్లీలు ఆవిడ వైపు జరిపాడు.

కొలతమ్మ పుస్తకం ఒళ్ళోకి తీసుకుని మందు మూడుకి పడిన వారం దగ్గర తెరిచింది. ఎడమవైపు గడిలో తన చేత్తోనే రాసింది: ఆయన గ్లాసు, మూడు ఎమ్మెల్. అదే వరుసలో కుడివైపు గడిలో, అదీ తన చేత్తోనే: మందు మాట. రెండు గడుల మధ్య జానెడు దూరం లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు పిల్లల తలలు వంచి కొలత చూపించిన మనిషి, ఈ రెంటినీ ఒక్కసారి కలిపి చదువుకోలేదు.

ల్యాబులో తప్పు రాస్తే చెరపకూడదు. పేజీ చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. ఆ నియమం కూడా ఏటా పిల్లలకి చెప్పేదే. కలం మూత తీసి 'మందు మాట' అన్న రెండు మాటల మీద ఒక గీత గీసింది. సంతకం పెట్టింది, తేదీ వేసింది. పేజీ తిప్పింది. మళ్ళీ గీసింది.

"ఎన్నున్నాయి వదినా అలాంటివి?" అన్నాడు మరిది.

"నూట ఎనభై మూడు" అంది కొలతమ్మ.